నిద్రలో బండి నడిపిన దుర్గయ్య

దేవరకొండ నుంచి నందికొండ దాకా, దారిలో ఒక్కసారి కూడా కన్ను తెరవకుండా మోటారుసైకిల్ నడిపిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. అతని పేరు దుర్గయ్య. ముందు ట్యాంకు మీద ఒక గొర్రె, వెనుక రెండు పక్కలా గోనెసంచుల్లోంచి తలలు బయటపెట్టిన రెండు గొర్రెలు, వాటి నడుమ భార్య గుర్వమ్మ. ఇంత బరువు మీద అతను గుర్రుపెట్టి నిద్రపోతుంటే బండి తనంతట తానే గుంతలు తప్పించుకునేది, ఎదురుగా బస్సు వస్తే పక్కకు ఒదిగేది, తెలిసినవాళ్ళు కనబడితే హారన్ కొట్టి పలకరించేది. ఒకసారి పోలీసులు ఆపితే నిద్రలోనే జేబులోంచి కాగితాలు తీసి చూపించాడట. అన్నీ సరిగ్గా ఉండేసరికి వాళ్ళు మనిషిని లేపకుండా పంపించేశారట.

నమ్మనివాళ్ళు దేవరకొండలో అమరేందర్ టైర్ల దుకాణం ఎదురుగా ఉన్న చాయ్ హోటల్‌కు వెళ్ళి అడగవచ్చు. సాక్ష్యం చెప్పడానికి పదిమంది లేచి నిలబడతారు. కళ్ళతో చూసినవాడు మాత్రం ఒక్కడూ ఉండడు. ఉండాల్సిన పనీ లేదు. వాన పడకున్నా ఆ నేల మీద పండే పంట కథలొక్కటే. ఆ పంటకు తూకం వేసేవాడు ఇంకా పుట్టలేదు.

అయితే ఈ కథకు విత్తనం లేకపోలేదు. దుర్గయ్య ఊహ తెలిసిన నాటి నుంచి గొర్రెల కాపరి. కాపరులకు ఒక విద్య ఉంటుంది. కట్టెను నేలకు ఆనించి, దాని మీద రెండు చేతులు పెట్టి, చేతుల మీద గడ్డం మోపి, ఒక కాలు మీద బరువు వేసి నిలబడే నిద్రపోతారు. చూసేవాడికి మంద కాస్తున్నట్టే ఉంటుంది. మందలో ఒక్క గొర్రె దారి తప్పినా వాళ్ళ చెవి ముందు లేస్తుంది, కళ్ళు తరువాత లేస్తాయి. ఆ విద్యలో దుర్గయ్యను మించినవాడు చుట్టుపక్కల లేడు. ఒక వేసవిలో అతను అట్లా నిలబడి ఉంటే పిట్ట వచ్చి నెత్తి మీది తువ్వాలలో గూడు మొదలుపెట్టిందనీ, గుడ్లు పెట్టేదాకా లేపొద్దని గుర్వమ్మ కాపలా కాసిందనీ అంటారు.

ఈ చివరి మాట గుర్వమ్మే పుట్టించింది. ఆమె నోరు ఊరికి పండుగ. నిద్రలో బండి కథ కూడా ముందు ఆమె నోట్లోనే పురుడు పోసుకుంది.

“మా ఇంటాయన బండెక్కంగనే నిద్రవోతడు” అని చెప్పేది అంగడిలో ఆడవాళ్ళకు. “నడిపేది నేనే. ఎడమ డొక్కల పొడిస్తె ఎడమకు మలుపుతడు, కుడి డొక్కల పొడిస్తె కుడికి మలుపుతడు.”

“మరి నిలపాలంటె ఎట్ల గుర్వమ్మా?”

“చెవి పిండుడే.”

దుర్గయ్య పక్కనే నిలబడి నవ్వేవాడు. అవుననేవాడు కాదు, కాదనేవాడు కాదు. ఎవరైనా మరీ గుచ్చి అడిగితే, “గొర్లను అడుగుండ్రి, గవ్వే జూసినయ్” అనేవాడు. భార్య చెప్పే కథలో తాను అంత గొప్పవాడిగా ఉండటం అతనికి ఇష్టం. గొర్రెల వెనుక నడిచిన మనిషిని ఊరు ఇంకెందుకు తలుచుకుంటుంది?

బండి వచ్చింది తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు. హైదరాబాద్‌లో చదువుకునే ఒక పిల్లవాడు మోజు తీరి అమ్ముకున్న పాత బండి. కూర్చుంటే కాళ్ళు ముందుకు చాచుకునే పొడుగు బండి. వెనుక చక్రం చిన్నది, వెడల్పుది. గొర్రెలు మోయడానికి అంతకంటే అనువైన బండి లేదని దుర్గయ్య కొన్నాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే నందికొండ వెళ్ళి, డ్యాము చూడటానికి వచ్చేవాళ్ళకు వండిపెట్టే హోటళ్ళకు మూడు గొర్రెలు ఇచ్చి, మధ్యాహ్నానికి తిరిగి వచ్చేవారు ఇద్దరూ. బేరం గుర్వమ్మది, బండి దుర్గయ్యది.

చిక్కల్లా వెనుక టైరుతో వచ్చింది. ఆ బరువుకు ఆరు నెలలకే అరిగి నున్నటి గుండు అయ్యేది. తుమ్మముల్లు తగిలితే చాలు, గాలి పోయేది. గుర్వమ్మ గొర్రెల తాళ్ళు పట్టుకుని నడి ఎండలో రోడ్డు పక్కన నిలబడేది. ఇది చూసి ఓర్వలేనివాడు అమరేందర్. దేవరకొండలో టైర్ల దుకాణం పెట్టుకున్న గుర్వమ్మ తమ్ముడు. తల్లి పోయాక అక్క చంకలో పెరిగినవాడు. అక్క కాలికి ముల్లు గుచ్చుకుంటే ఇతను కుంటుతాడని ఊళ్ళో సామెత.

సర్కారు గొర్రెలు పంచిన ఏడాది వేసవిలో అమరేందర్‌కు తుక్కు కిందకు వచ్చిన కారు నుంచి ఒక టైరు దొరికింది. గీతలు ఇంకా లోతుగా ఉన్నాయి. కొలత చూస్తే బావ బండి వెనుక చక్రానికి సరిగ్గా సరిపోయింది.

“బావా, గిది ఏస్తె నీకు అయిదేండ్లు ఫికర్ లేదు” అన్నాడు.

అప్పుడు మొదలైంది చాయ్ హోటల్‌లో పంచాయితీ. కారు టైరు మోటారుసైకిల్‌కు వేయొచ్చా, వేయరాదా? రెండు రోజులు చాయ్ మీద చాయ్ పోయింది. వేయొచ్చనేవాళ్ళే ఎక్కువ. కారు బరువు మోసేది మూడు గొర్రెలను మోయదా అన్నారు. నేల మీద వెడల్పుగా కూర్చుంటుంది, జారదు అన్నారు. వేయరాదన్నవాడు ఒక్కడే, పక్క సందులో మోటారుసైకిళ్ళు బాగుచేసే లింగస్వామి.

“కారు మలుపు తిరిగేటప్పుడు వంగుతదా? వంగదు. బండి వంగాలె” అన్నాడు లింగస్వామి. ఎవరికీ ఎక్కలేదు. హోటల్‌వాడి దగ్గర ఒక నిమ్మకాయ, ఒక అగ్గిపెట్టె తీసుకుని బల్ల మీద పెట్టాడు. నిమ్మకాయను వేలితో ఒత్తితే ఇటూ అటూ హాయిగా ఒరిగింది. అగ్గిపెట్టెను ఒత్తితే ఒరగనని మొండికేసి, అంచు మీద లేచి, వేలు తీయగానే టప్పుమని మళ్ళీ చదునుగా పడింది. “గీ నిమ్మకాయ బండి టైరు. గీ అగ్గిపెట్టె కారు టైరు. మలుపు కాడ నువ్వు వంచుదమంటె అది నిలబడుదమంటది.”

“ఓ లింగస్వామీ, దుర్గన్న అగ్గిపెట్టె మీద నందికొండ పోతలేడయ్యా” అన్నారెవరో. హోటలంతా నవ్వింది. “నీ దుకాణంల బండి టైర్లు అమ్ముడుపోవని ఏడుస్తున్నవా?” అని అమరేందర్ కూడా అంటించాడు. లింగస్వామి చాయ్ సగంలో వదిలేసి లేచి పోయాడు.

దుర్గయ్య తన పద్ధతిలో పరీక్షించాడు. అంగడిలో గొర్రెను కొనేవాడు దాన్ని నిలబెట్టి నడుము మీద చేయి వేసి ఒత్తి చూస్తాడు, పళ్ళు చూస్తాడు, తోక దగ్గర కొవ్వు చూస్తాడు. పరుగెత్తించి చూసేవాడు ఉండడు. అతను కూడా బండిని నిలబెట్టి చూశాడు. టైరు ఒత్తాడు, గీతల్లో వేలు పెట్టాడు, ఎక్కి కూర్చుని ఊగాడు. స్టాండు వేయకపోయినా బండి కాసేపు తనంతట నిలబడింది. దుర్గయ్య ముఖం వెలిగింది. తువ్వాల దులుపుకుని, “పొట్టేలు మంచిదే” అన్నాడు.

నేరుగా ఉన్న రోడ్డు మీద అది నిజంగానే మంచి పొట్టేలు. చేతులు వదిలి బీడీ ముట్టించుకున్నా బండి గీత గీసినట్టు పోయేది. నిద్రలో నడిపే కథకు అప్పుడే రెక్కలు మొలిచాయి. అంతకు ముందు గుర్వమ్మ ఒక్కతే చెప్పేది, ఆ తరువాత ఊరంతా చెప్పింది.

మలుపుల సంగతి మాత్రం ఎవరికీ తెలియదు, వాళ్ళిద్దరికి తప్ప. మూడు గొర్రెల బరువుతో ఎట్లాగూ నెమ్మదిగానే పోవాలి కాబట్టి గండం గడుస్తూ వచ్చింది. అయినా మలుపు దగ్గర బండి ఒరగనని పెనుగులాడేది. హ్యాండిల్‌ను భుజంతో నెట్టినట్టు నెట్టాల్సి వచ్చేది.

“మలుపుల కాడ బండి మొండికేస్తాందేందయ్యా?” అని గుర్వమ్మ ఒకసారి అడిగింది.

“కొత్త పొట్టేలు. మందల కలువనీకె దినాలు పడతది.”

ఆరు నెలలైనా కలవలేదు. పాత టైరే వేయించుకుంటానని దుర్గయ్య ఒక ఆదివారం అన్నాడు. గుర్వమ్మ బండి దిగి, గొర్రె తాడు విప్పుతూ మెల్లగా అంది.

“వాడు ప్రాణం వెట్టి ఏసిండు. టైరు మంచిగ లేదంటె వాని మనసు ఇరుగుతది. నువ్వు జర నిదానంగ నడుపు. వానికి మాత్రం ఏం చెప్పకు.”

“చెప్ప.”

“నా మీద ఒట్టా?”

“ఒట్టే.”

ఆ మరుసటి ఏడు వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం. గొర్రెలు అమ్ముడుపోయాయి, బండి ఖాళీ. పడమట మబ్బు నల్లగా లేచింది. వాన రాకముందే ఇల్లు చేరాలని దుర్గయ్య కాస్త తొందరగా పోనిచ్చాడు. అతనికి నిద్ర లేదు. నిద్ర రావడానికి గుర్వమ్మ ఊరుకుంటేగా? నందికొండ హోటల్‌వాడు తూకంలో ఎట్లా మోసం చేయబోయాడో, తాను ఎట్లా పట్టుకుందో, వాడి గొంతు అనుకరించి మరీ చెబుతోంది. దుర్గయ్య నవ్వుతున్నాడు. గుట్ట పక్కన ఎడమ మలుపు వచ్చింది. రోడ్డు మీద అప్పుడే నాలుగు చినుకులు పడ్డాయి. అతను ఎడమకు ఒరిగాడు. బండి ఒరగలేదు. గట్టిగా నెట్టాడు. బండి అంచు మీదికి లేచి, ఒక్క క్షణం ఆగి, టప్పుమని నిటారుగా నిలబడి, మలుపును వదిలేసి నేరుగా రాళ్ళలోకి పోయింది.

గుర్వమ్మ చెబుతున్న మాట మధ్యలో ఆగింది. హోటల్‌వాడు చివరికి ఏమన్నాడో దుర్గయ్యకు ఇప్పటికీ తెలియదు.

ముందుగా వచ్చినవాళ్ళు దేవరకొండవాళ్ళే. దుర్గయ్యను గుర్తుపట్టారు. గుర్తుపట్టగానే కథ కూడా గుర్తొచ్చింది. “అయ్యో, నిద్రవోయిండు” అన్నారు. ఎవరూ అతన్ని అడగలేదు. వంకర లేని చక్రాల గుర్తు మలుపులో నేరుగా రోడ్డు దాటి పోయి ఉంది. మెలకువ ఉన్నవాడు అట్లా పోడని అందరికీ అర్థమైపోయింది.

దవాఖానలో అడిగినవాడు అమరేందర్ ఒక్కడే. దుకాణంలోంచి అట్లాగే పరుగెత్తుకు వచ్చాడు. చేతులు మోచేతుల దాకా రబ్బరు నలుపు. గుర్వమ్మ మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. ఆ చేతులతో గుడ్డను ముట్టుకుంటే మరక పడుతుందని, ముట్టుకోకుండా పైకి ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు.

“నిద్రవోయినవా బావా?”

విరిగిన భుజం పట్టుకుని దుర్గయ్య ఆ చేతుల వంక చూశాడు.

“ఆఁ” అన్నాడు.

అంతే. అమరేందర్ ఆ తరువాత బావతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఏడేళ్ళు గడిచాయి. బండి తుక్కు కింద పోయింది. కరోనా రెండో ఏడు లింగస్వామి పోయాడు. అనుమానం ఉన్నవాడు అతనొక్కడే. బతికి ఉండగా ఒకసారి మంద దగ్గరికి వచ్చి, “దుర్గన్నా, టైరేనా?” అని అడిగాడు. దుర్గయ్య తల అడ్డంగా ఊపాడు. లింగస్వామి కాసేపు గొర్రెలను చూసి వెళ్ళిపోయాడు.

కథ మాత్రం చావలేదు. కథలు ముళ్ళకంప వంటివి, నీళ్ళు పోయకున్నా పెరుగుతాయి. ఒకప్పుడు చప్పట్లు కొట్టించిన కథే ఇప్పుడు తిట్టుగా మారింది. బడిలో కునికే పిల్లలను “ఓ దుర్గయ్యా, లే” అనేవారు. బస్సు డ్రైవర్ ఆవులిస్తే వెనుక సీట్లోంచి “దుర్గన్న చుట్టమా?” అని అరిచేవారు. దుర్గయ్య తన గొర్రెలు అమ్మేసి ఊళ్ళోవాళ్ళ మంద కూలికి కాశాడు. ఎక్కడికైనా నడిచే పోయేవాడు. కట్టె ఉండేది కానీ దాని మీద గడ్డం ఆనించేవాడు కాదు. పగలూ రేయీ కళ్ళు తెరుచుకునే ఉండేవి. ఊరంతా నిద్రపోయాడని చెప్పుకునే మనిషికి నిద్ర లేకుండా పోయిందని ఎవరు గమనిస్తారు?

పోయిన చలికాలంలో ఒక అంగడి రోజు పొద్దున, మందలో ముసలి గొర్రెలు నాలుగింటిని తోలుకుని దుర్గయ్య టైర్ల దుకాణం ముందు నుంచి పోతున్నాడు. ఎప్పుడూ అటు చూడడు. ఆ రోజు చూశాడు. దుకాణం ముందు పొడుగు బండి ఉంది. అదే రకం. వెనుక చక్రం ఊడదీసి ఉంది. పక్కన కారు టైరు.

గొర్రెలు ముందుకు పోతున్నా అతని కాళ్ళు ఆగిపోయాయి.

“మామా! ఇటు రా” అని మహేష్ పిలిచాడు. అమరేందర్ కొడుకు. తండ్రి మాట్లాడకపోయినా ఇతను మాట్లాడతాడు. గుర్వమ్మ చేతి ముద్దలు తిన్న పిల్లవాడు. పెళ్ళై ఏడాది కాలేదు. “బండి కొన్న మామా. రేపటి సంది నందికొండ చేపలు తెస్తం, నేను, త్రివేణి. పెట్టెలు బరువుంటయ్ గద, బాపు కారు టైరేస్తుండు.”

త్రివేణి గడప దగ్గర స్టూలు మీద కూర్చుని చేపల పెట్టెకు తాడు అల్లుతోంది. కొత్త కోడలు. తల వంచి నవ్వింది.

“ఒద్దు” అన్నాడు దుర్గయ్య.

“ఏంది మామా?”

“గా టైరు ఒద్దు కొడుకా. బండి టైరే ఎయ్యుమను.”

హోటల్ బల్ల మీది వాళ్ళకు కొత్త చాయ్ వచ్చినంత సంబరమైంది. “దుర్గన్న నోరు తెరిచిండు రో” అన్నాడొకడు. “అరే దుర్గన్నా, గా టైరు గొప్పతనం నీకంటె ఎవనికి తెలుసు? నిద్రవోయినోణ్ణి కూడ ఏడాది దినాలు నందికొండ తీసుకపోయి తీసుకొచ్చింది. మెలకువ ఉన్న పిలగానికి ఏమైతది?”

“గంతే గద!” అన్నాడు ఇంకొకడు. “ఏడాది దినాలు నిద్రల నడిపినా పడని టైరు. పేరు మోసిన టైరు.”

దుర్గయ్య దాచిన మాట మీద ఇన్నేళ్ళుగా పెరిగిన కథ ఇప్పుడు కారు టైరుకు పూచీ పడుతోంది. అతను రోడ్డు దాటి హోటల్‌లోకి పోయాడు. నిమ్మకాయ అడిగాడు, అగ్గిపెట్టె అడిగాడు. రెండింటినీ తెచ్చి దుకాణం గట్టు మీద పెట్టాడు. నిమ్మకాయను గట్టిగా ఒత్తాడు. అది ఒరగకుండా దొర్లి మోరీ కాలువలో పడింది. అందరూ గొల్లుమన్నారు.

“నిద్రల చేస్తున్నవా గారడీ?” అన్నారు.

మహేష్ నవ్వలేదు. కానీ అర్థం కూడా కాలేదు. తండ్రి వైపు చూశాడు. అమరేందర్ వంచిన తల ఎత్తకుండా టైరు ఒక అంచును చక్రంలోకి ఎక్కించాడు. రెండో అంచు మీద కాలు పెట్టి ఇనుప కడ్డీతో తొక్కాడు. అది కూడా ఎక్కింది. గాలి పైపు తగిలించి మిషన్ ఆన్ చేశాడు. టైరు మెల్లగా ఉబ్బసాగింది. కారు టైరు అంత తేలిగ్గా చక్రం అంచుకు కూర్చోదు, గాలి చాలా పట్టాలి. ఒకసారి టప్పుమని చప్పుడైతే కూర్చున్నట్టు.

“అమరేందర్” అన్నాడు దుర్గయ్య.

అమరేందర్ వంగి గాలి మీటరు చూస్తున్నాడు.

“ఆపు అమరేందర్. పిలగాడు, పిల్ల. రేపటి సంది గా మలుపుల్లకెల్లె పోతరు.”

అమరేందర్ నిటారుగా లేచాడు. ఏడేళ్ళ తరువాత బావ ముఖంలోకి చూశాడు. చేతులు అప్పటిలాగే మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. జుట్టు మాత్రం తెల్లబడింది.

“మా అక్క ఎండల నిలబడొద్దని ఏసిన నేను గా టైరు” అన్నాడు. గొంతు పెద్దగా లేదు. “నా చేతులతోని అక్కకు చేసిన ఒక్క మంచి పని అదే. అదొక్కటి తలుచుకుని బతుకుతున్న. నీ నిద్రకు నా టైరును బద్నాం చెయ్యకు బావా.”

హోటల్ బల్ల మీద నవ్వు ఆగిపోయింది. మిషన్ కొట్టుకుంటోంది. త్రివేణి తాడు అల్లడం ఆపి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. దుర్గయ్య ఆమెను చూశాడు. చక్రం అంచు దగ్గర సన్నబడుతున్న సందును చూశాడు. ఆ నల్లటి చేతులను చూశాడు. భార్య మీద వేసిన ఒట్టు తీసి గట్టున పెట్టాడు.

ఇంత పెద్ద కథకు, ఇన్నేళ్ళ కథకు అతను చెప్పింది రెండే ముక్కలు.

“నేను నిద్రపోలె అమరేందర్. బండి వంగలె.”